మూడో ఆదివారం ప్రకటన

కిందటి వారం మనం కత్తిని కేకు మీద ఆపేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఆ కత్తి ఇంకా అక్కడే ఉంది.

కొండపల్లి కొండ మీద, హిల్ క్రౌన్ లాడ్జి వెనకాల పచ్చికలో, రంగుల గొడుగు కింద ఒక బల్ల. బల్ల మీద గులాబీరంగు కేకు. కేకు మీద క్రీముతో 'బెన్నీ – వినీల, 20' అన్న అక్షరాలు. కత్తి పట్టిన చెయ్యి వినీలది, ఆ చేతి మీద చెయ్యి బెన్నీది. సరిగ్గా అప్పుడే, నీలం అంచు తెల్లచీర కట్టుకున్న ఒకావిడ గేటు వైపు నుంచి తిన్నగా నడిచొచ్చి, ఎవరూ రమ్మనకుండానే మూడో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వందనాలండీ బెన్నీ గారూ! మన మూడో ఆదివారం ఇంకా రాలేదు," అంది.

కేకు ముందు కేక వెయ్యాల్సిన బెన్నీ కిక్కురుమనలేదు.

అసలీ ప్రయాణమే వద్దని వినీల తల్లి దానమ్మ నెత్తీనోరూ బాదుకుంది. బెజవాడలో లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండేది, మర్యాదస్తులు తలొంచుకుని దాటిపోయేది. "ఇల్లూవాకిలీ లేనట్టు మొగుడూపెళ్లాం లాడ్జికి పోటమేంటే? లజ్జ ఉండక్కర్లా?" అంది. "అది ఆ లాడ్జి కాదమ్మా, మౌంటెన్ లాడ్జి! ఏసీ గదులు, ఈతకొలను, కిటికీ తీస్తే అడివి," అని వినీల సర్దిచెప్పింది. పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో నర్సు ఆవిడ. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఎత్తుకుని ఆడించడమే తప్ప తన పిల్లల్ని ఎత్తుకునే భాగ్యం దక్కలేదు. రెండు రోజులు మొగుడితో కొండెక్కి కూర్చోవాలన్న ఒక్క కోరిక మటుకు తీర్చుకుందామనుకుంది.

మొగుడు పామర్రు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. డ్రిల్లు మాస్టారుకి హిల్లు ఒక లెక్కా అని సూట్‌కేసు తనే మోసుకుంటూ ఎక్కాడు. మనిషి నిటారుగా, సన్నగా, చూడ్డానికి బాగానే ఉంటాడు, చెవుల్ని మినహాయిస్తే. ఆ చెవులు రెండూ తలుపులు బార్లా తీసినట్టు రెండు పక్కలా నిలబడి ఉంటాయి. పిల్లలు చాటుగా 'దొప్ప మాస్టారు' అంటారు. అంత పెద్ద చెవులుండీ ఆ మాట మాత్రం ఆయనకి వినబడదు.

"ఎవరండీ ఈవిడ?" అంది వినీల.

బెన్నీ చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే విజిల్ని వేళ్లతో తడుముకున్నాడు. బడిలో అల్లరి మితిమీరినప్పుడు అది ఊదితే అంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. ఇక్కడ ఊదకుండానే అంతా ఆగిపోయింది.

"మార్త," అన్నాడు చివరికి.

మార్త. ఒక్క అక్షరం మారిస్తే వార్త. ఇరవై ఏళ్ల కాపురంలో వినీల చెవిన ఒక్కసారి కూడా పడని వార్త.

"స్మైల్ ప్లీజ్ సార్!" బట్టతల ఫొటోగ్రాఫరొకడు పొదల పక్కనుంచి ఊడిపడ్డాడు. పెళ్లిరోజు ప్యాకేజీలో ఫొటో కూడా ఉందట. "ఈ మేడమ్ గారు కూడా ఫ్యామిలీయేనా సార్? కొంచెం దగ్గరికి జరగండమ్మా. సార్, ఆ ముఖం ఏంటి సార్, పెళ్లిరోజండీ!"

ముగ్గురి ముఖాల మీదా ఫ్లాషు పడింది. ముగ్గురిలో నవ్వింది మార్త ఒక్కతే.

వాడు వెళ్లేదాకా వినీల ఆగింది. ఈలోగా మొగుడి మణికట్టు పట్టుకుంది. అదేదో ప్రేమ అనుకునేరు! నర్సుల అలవాటు అది. నాడి గుర్రంలా పరిగెడుతోంది.

"మీరు చెప్పండి," అంది మార్తతో. "ఈయన చెప్పే స్థితిలో లేరు."

"చెప్పటానికే వచ్చానమ్మా." మార్త చేతిసంచీ ఒళ్లో పెట్టుకుంది. "అవనిగడ్డలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ని. మాదీ ఈయనదీ ఒకే ఊరు. సముద్రం అంచున, తిప్ప అనేవాళ్లు. డెబ్బై ఏడులో మా ఇద్దరికీ ప్రధానం అయింది. మా గుళ్లో పాస్టరు అయ్యగారు ప్రకటన కూడా చదివారు. మొదటి ఆదివారం చదివారు. రెండో ఆదివారం చదివారు."

ఆ తర్వాతది వినీలకి చెప్పక్కర్లేదు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుళ్లో వధూవరుల పేర్లు చదవడం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పండనడం, మూడోసారీ ఎవరూ లేవకపోతేనే పెళ్లి చెయ్యడం ఆవిడ ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్నదే. తండ్రి ఇశ్రాయేలు గారు ముప్ఫయ్యేళ్లు ఉపదేశిగా పనిచేసిన మనిషి. అయ్యగారు ఊళ్లో లేని ఆదివారాల్లో ఆ ప్రకటనలు చదివింది ఆయనే.

"మూడోది చదవాల్సింది నవంబరు ఇరవయ్యిన," అంది మార్త. "పందొమ్మిదో తారీకు శనివారం."

దివిసీమ మనిషికి ఆ శనివారం సంగతి ఎవరూ విప్పి చెప్పరు. ఆ సాయంత్రం ఉప్పెన వచ్చింది. ఆదివారం చదవాల్సిన అయ్యగారు లేరు, చదివే గుడి లేదు, వినే ఊరు లేదు.

"అమ్మా నాన్నా ఉప్పెనలో పోయారనేగా నాకు చెప్పారు!" వినీల మొగుడి వైపు తిరిగింది. "ఈవిడ సంగతి చెప్పలేదే? ఒక్కసారి, ఒక్క ముక్క, ఏదో మాటల సందులోనైనా!"

"చెప్పి ఏం చెయ్యమంటావ్ వినీ? పోయిన మనిషనుకున్నా."

"అనుకున్నావా?" మార్త గొంతు మొదటిసారి లేచింది. అందాకా అతికించుకున్న 'గారూ' ఊడి ఎక్కడో పడింది. "అనుకుని ఊరుకున్నావా? వెతికావా బెన్నీ? ఒక్క రోజన్నా వెతికావా?"

పక్క బల్ల దగ్గర పకోడీలు తింటున్న గన్నవరం దంపతులెవరో నమలడం ఆపి ఇటు తిరిగారు. లాడ్జివాళ్లు ఇచ్చిన మెనూలో లేని ఐటమ్ ఇది మరి.

బెన్నీ లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి అటెన్షన్ నేర్పినవాడు, ఇప్పుడు బల్ల అంచు పట్టుకున్నాడు.

"పెళ్లిచీర కొందామని ఆ రోజు అవనిగడ్డ వెళ్లాను. అందుకే బతికాను. నీళ్లు తీశాక నడిచొచ్చాను తిప్పకి. ఇళ్లు లేవు. మీ ఇల్లెక్కడో గుర్తు పట్టటానికి చెట్టూ చేమా లేదు. ఒక్క తాటిచెట్టు ఉంది. దాని మొదట్లో..." విజిల్ని పిడికిట్లో బిగించాడు. "దాని మొదట్లో చీర చుట్టుకుని ఉంది. పసుపుపచ్చది. ఎర్ర గళ్లది. ప్రధానం నాడు మావాళ్లు నీకు పెట్టింది. ముక్కలైపోయి ఉంది మార్తా! ఆ గుడ్డ చూశాక ఇంకేం వెతకను? ఎవర్ని అడగను?"

మార్త చూపు కొండ దిగువకి మళ్లింది. కొండ కింద ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ గొట్టాల మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అవతల ఎక్కడో కృష్ణ సన్నటి గీతలా మెరుస్తోంది.

"ఆ చీరే నన్ను బతికించింది," అంది నెమ్మదిగా. "నీళ్లొస్తుంటే మా నాన్న నన్ను చెట్టెక్కించి దాంతోనే మానుకి కట్టాడు. ఆయన్ని కట్టేవాళ్లు లేకపోయారు. రెండో రోజు పడవలో వచ్చినవాళ్లు ముడి విప్పలేక కత్తితో కోసి నన్ను దింపారు. ఆ ముక్కలే నువ్వు చూసింది."

ఆవిడ బతికిందని చెప్పే చీరని చూసి, చచ్చిపోయిందని అర్థం చేసుకుని వెళ్లిపోయాడు బెన్నీ. ఒక్క రోజు ముందొస్తే చెట్టు మీద మనిషి కనిపించేది. ఒక్క మనిషిని అడిగితే పడవ ఎటు వెళ్లిందో తెలిసేది. అడగలేదు. అడగటానికి అక్కడ ఎవరున్నారు గనక!

బెన్నీ కుర్చీలో కూలబడ్డాడు. ఇరవై ఏళ్లలో ఆయన ఏడవగా వినీల చూడటం అదే మొదలు. పెద్ద వానలు కురిసిన రోజుల్లో అన్నం వదిలేసి గుమ్మంలో కూర్చునేవాడు. అమ్మానాన్నల కోసమనుకునేది. పక్కనే కూర్చుని వీపు నిమిరేది. ఆ నిమరడంలో సగం ఇంకొకరి వాటా అని ఇవాళ తెలిసింది.

అయినా, సిగ్గులేకుండా చెప్పుకోవాలంటే, వినీలకి కాస్త ఊపిరాడింది. మొగుడు మోసగాడు కాదు. దాచాడు, నిజమే. కానీ దాచింది బతికున్న మనిషిని కాదు, పోయిందనుకున్న మనిషిని. దెబ్బ తగిలింది గానీ ఎముక విరగలేదు. నర్సు బుర్ర అలాగే లెక్క వేసుకుంది. కేకు ముక్క ఒకటి కోసి, కాయితం ప్లేటులో పెట్టి, మార్త ముందుకు జరిపింది. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా!

"నేనిక్కడున్నానని నీకెలా తెలిసింది?" అన్నాడు బెన్నీ.

"మీరే చెప్పారుగా! మైకులో!"

అదీ జరిగింది. పెళ్లిరోజుకి కృతజ్ఞత కానుక ఇచ్చేవాళ్లు కవరు మీద సంగతి రాస్తే అయ్యగారు పైకి చదువుతారు. వినీల చేసేది ఏదైనా వివరంగా చేస్తుంది. వివాహమై ఇరవై ఏళ్లు, దివిసీమ ఉప్పెన నుండి భర్తను కాపాడిన దేవునికి స్తోత్రం, కొండపల్లి కొండపైన హిల్ క్రౌన్ లాడ్జిలో శుక్రవారం నుండి విశ్రాంతి, ప్రయాణ క్షేమానికి ప్రార్థన అని మొత్తం రాసింది. 'లాడ్జిలో విశ్రాంతి' అని అయ్యగారు గంభీరంగా చదవగానే సంఘమంతటికీ ఒకేసారి దగ్గొచ్చింది. దానమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఎవరైనా దొంగలకి ఇంటి తాళం ఇస్తారేమో గానీ, ఇంత పక్కాగా చిరునామా ఎవరూ ఇవ్వరు.

"పోయిన ఆదివారం స్త్రీల సమాజం కూడికలకని బెజవాడ వచ్చాను. ఆరాధనకి మీ గుడికే తీసుకొచ్చారు. వెనక వరసలో కూర్చున్నా. బెన్నీ అన్నారు, దివిసీమ అన్నారు. మీరిద్దరూ లేచి ముందుకెళ్లారు. వెనక నుంచి చూసినా గుర్తుపట్టా." చూపు ఒక్కసారి బెన్నీ చెవుల మీదికి వెళ్లొచ్చింది. "అక్కడే అడిగితే గుడంతా వింటుంది. ఈ చెల్లి పరువు గుళ్లో తియ్యటం నాకిష్టం లేకపోయింది. అందుకే కొండెక్కాను."

"ఇప్పుడేం కావాలి అక్కా మీకు?" అంది వినీల. అక్కా అన్న మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు.

"ఎల్లుండి ఆదివారం ఈయన నాతో తిప్పకి రావాలి. గుడి మళ్లీ కట్టారు, డెబ్బై తొమ్మిదిలోనే. అందరి ముందూ నిలబడి ఆ ప్రకటన రద్దు చేశామని చెప్పాలి. సంబంధం వచ్చినప్పుడల్లా 'ఆవిడ పేరు ఇదివరకే ఒకరితో చదివారుగా' అన్నారు. ఇరవై ఆరేళ్లుగా సగం చదివి ఆపేసిన మనిషిని నేను. అంతకన్నా ఏమీ వద్దు. నీ మొగుణ్ణి నువ్వే ఉంచుకో అమ్మా."

వినీలకి ఆ మాటల్లో చివరిది వినిపించలేదు. ముందుది ఒకటి ముల్లులా దిగింది.

"గుడి డెబ్బై తొమ్మిదిలో కట్టారా?"

"ఆఁ."

"మా పెళ్లి ఎనభై మూడులో."

"అదేగా నా కోపం! పెళ్లికొడుకు ఊళ్లో కూడా ప్రకటన చదవాలి. చదివుంటే నేను ముందు వరసలోనే కూర్చునుందును. చదవనియ్యకుండా మనిషిని పంపించావు కదా బెన్నీ!"

"మనిషినా? నేనెవర్నీ పంపలేదు," బెన్నీ తలెత్తాడు. "గుడే లేదన్నారు నాతో."

"ఎవరన్నారు?"

బెన్నీ వినీల వైపు చూడలేదు. చూడకపోవడమే జవాబు.

మార్త ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది. ఆవిడ ముఖంలో కోపం మెల్లగా రంగు మారింది. "ఆ సంవత్సరం ఏప్రిల్లో బెజవాడ నుంచి ఒకాయన వచ్చాడు. వెదురు పిడి గొడుగు. ఎండలో పడి నడిచొచ్చాడని అరుగు మీద కూర్చోబెట్టి, లోపల్నుంచి నీళ్లు తెప్పించి ఇచ్చాను. నా పేరడిగాడు. ఉప్పెనకి ముందు నీకెవరితో ప్రకటన చదివారమ్మా అన్నాడు. బెన్నీతో అన్నాను. అతను బతికున్నాడా అంటే సముద్రానికే తెలియాలండీ అన్నాను. చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. లేచి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. పెద్ద ప్రార్థన. అయ్యగారిని కలవకుండానే వచ్చిన దారినే వెళ్లిపోయాడు." గొంతు తగ్గించింది. "పోయిన ఆదివారం గుళ్లో మీ ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థించింది ఆయనే. నువ్వు పంపిన మనిషే అనుకున్నా. ఎవరాయన?"

వెదురు పిడి గొడుగు ఇప్పటికీ పుట్టింట్లో తలుపు వెనకాల వేలాడుతూనే ఉంది.

"మా నాన్న," అంది వినీల.

ఆ రోజు ఆవిడకి బాగా గుర్తు. బురద కాళ్లతో ఇశ్రాయేలు గారు ఇంటికొచ్చారు. "అక్కడ గుడీ లేదు, చదివే అయ్యగారూ లేరు, వినే మనుషులూ లేరు. మన గుళ్లో చదివితే చాలన్నారు," అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎండదెబ్బ అనుకుని ఉప్పూ పంచదారా నీళ్లల్లో కలిపి తాగించింది తనే. పెళ్లికూతురు కాబోతున్న పిల్ల చేతి నీళ్లు, గటగటా తాగేశారు.

మూడు ఆదివారాలు గుళ్లో అడిగారు, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని. ఉన్నావిడకి వినపడని చోట అడిగారు. అబద్ధమాడితే ఐదో తరగతి పిల్ల చెవి కూడా మెలేసే ఉపదేశి, ఒక్క అబద్ధం మీద కూతురి కాపురం కట్టాడు. ఆ కాపురంలో తను ఇరవై ఏళ్లు హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంది!

వినీల లేచింది.

"ఎక్కడికి వినీ?"

"ఫోన్ చెయ్యాలి."

బెన్నీ సెల్లు తీశాడు. కొండ మీద సిగ్నలు కూడా సెలవు పెట్టింది. వినీల పచ్చిక దాటి, అద్దాల తలుపు నెట్టుకుని, రిసెప్షన్‌లో ఫోనందుకుంది. వేళ్లు వాటంతటవే పుట్టింటి నంబరు నొక్కాయి.

"ఏమే, లాడ్జిలో భోజనం బాగుందా? దుప్పట్లు ఉతికినవేనా? చూసుకో," దానమ్మ గొంతు.

"నాన్నకివ్వమ్మా."

"వస్తున్నారు... ఇదిగోండి, మీ లాడ్జమ్మాయి!"

"అమ్మా బుజ్జమ్మా!" అన్నారు ఇశ్రాయేలు గారు. ఎప్పటి గొంతే. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసిన గొంతు. ఆ గొంతు మీద కోపం తెచ్చుకోవడానికి వినీల రిసీవర్ని రెండు చేతులతో పట్టుకోవాల్సొచ్చింది.

"నాన్నా, ఇక్కడికి మార్త వచ్చింది."

ఏ మార్త అని ఆయన అడగలేదు.

అవతల టీవీలో ఎవరో నవ్వుతున్నారు. దానమ్మ ఏదో అంటోంది. ఇశ్రాయేలు గారి ఊపిరి మాత్రం పైకీ కిందకీ వినిపిస్తోంది.

"ఒక్క మాట చెప్పు నాన్నా. అబద్ధమని ఒక్క మాట చెప్పు. నువ్వు తిప్పకి వెళ్లలేదని చెప్పు."

"ఒక్కతే వచ్చిందా?" అన్నారాయన.

"ఏంటి?"

"మార్త ఒక్కతే వచ్చిందా అమ్మా? ఆ పిల్లని కూడా తీసుకొచ్చిందా?"

"ఏ పిల్ల?"

"ఆ రోజు నాకు నీళ్లు తెచ్చిచ్చిన పిల్ల. నాలుగేళ్లది... ఆ పిల్లని చూశాకేనమ్మా, నేను వెనక్కి తిరిగొచ్చేసింది."

రిసీవర్ చెవి దగ్గరే ఉండిపోయింది. వినీల అద్దంలోంచి బయటికి చూసింది. గొడుగు కింద కుర్చీలో బెన్నీ రెండు చేతుల్లో తల పట్టుకుని ఉన్నాడు. మూడో కుర్చీ ఖాళీ. తినకుండా వదిలేసిన కేకు ముక్కని కాయితంలో పొట్లం కట్టుకుని, మార్త గేటు వైపు నడిచి వెళ్తోంది.

గేటు అవతల ఆటో ఆగి ఉంది. అందులోంచి పాతికేళ్ల అమ్మాయి ఒకతె దిగి, తల మీది చున్నీ వెనక్కి తోసుకుని, పొట్లం కోసం చెయ్యి చాచింది. పొద్దుగుంకే ఎండ సరిగ్గా ఆ పిల్ల వెనక నుంచి కొడుతోంది. తలకి రెండు పక్కలా, తలుపులు బార్లా తీసినట్టు నిలబడ్డ చెవులు రెండూ ఆ వెలుగులో ఎర్రగా మెరిశాయి.